తలనొప్పి మధ్యాహ్నాలు

పోయిన వారం బొంగులూరులో మా అబ్బాయి వాళ్లింటికి వెళ్లాను. ఔటర్ రింగు రోడ్డు దిగగానే వరసగా వెలిసిన కొత్త వెంచర్లలో ఒకదానిలో వాళ్ల ఇల్లు. ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి పెద్ద దూరమేమీ కాదు కనుక, పచ్చడి కలిపినా జొన్నరొట్టెలు కాల్చినా ఒక డబ్బాలో పెట్టుకొని బయలుదేరడం నాకు అలవాటు. ఆ రోజు వెళ్లేసరికి ఇల్లంతా గోలగోలగా ఉంది. పెద్దవాడు సోఫా మీది నుంచి దూకుతున్నాడు, చిన్నది అన్నం పళ్లెంలో చేతులు పెట్టి ఆ చేతులు తలకు రాసుకుంటోంది, మా అబ్బాయి తలుపు వేసుకొని కంప్యూటరుతో ఆఫీసు మాటలు మాట్లాడుతున్నాడు. కోడలు ఎక్కడా కనిపించలేదు. అమ్మ చెత్త పారేయడానికి పోయిందని పెద్దవాడు చెప్పాడు. చెత్త పారేయడానికి ఇంతసేపా అని బయటికి వచ్చి చూస్తే, నీడలో నిలిపిన కారులో, వెనక సీట్లో, అద్దాలు కాస్త దించుకొని, కాళ్లు పైకి ముడుచుకొని మా కోడలు పుస్తకం చదువుకుంటోంది. నన్ను చూసి ఉలిక్కిపడి ఆ పుస్తకాన్ని చున్నీ కింద దాచేసింది. "వస్తున్న అత్తమ్మా, రెండే పేజీలున్నయి" అంది, దొరికిపోయిన మొహంతో.

నేను లోపలికి వచ్చి చిన్నదాని తల కడిగి, ఇద్దరికీ అన్నం తినిపించి, ఇల్లు సర్దుతూ కాలం గడిపాను. కానీ ఆ చున్నీ కింద దాచిన తీరు చూశాక నా మనసు మనసులో లేదు. పుస్తకం దాచే చెయ్యి ఎంత తొందరగా కదులుతుందో నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. నా ఈడు ఆడవాళ్లు, కాస్త చదువు వచ్చి, ఇంకా చదవాలన్న యావ ఉండి, చంకలో ఒకరు కొంగు పట్టుకొని ఒకరుగా పిల్లలతో కాపురం చేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకూ తెలిసే ఉంటుంది.

మాది కందుకూరు దగ్గర చిన్న పల్లె. నేను పదో తరగతి పాసయ్యాక, పైచదువుకు పట్నం పంపుదామా వద్దా అనే మాట ఇంట్లో కొన్నాళ్లు నలిగి నలిగి చివరికి పెళ్లి మాటగా మారింది, అలా ఇబ్రహీంపట్నం కోడలినయ్యాను. అప్పటి ఇబ్రహీంపట్నం వేరు. సాగర్ రోడ్డు మీద బస్సు వచ్చి పోయాక లేచిన దుమ్ము అణగడానికి కాసేపు పట్టేది, వారానికోసారి అంగడి జరిగే రోజున తప్ప మధ్యాహ్నం పూట బజారులో మనుషుల కంటే మేకలే ఎక్కువగా కనిపించేవి. మా ఆయనకు బస్సు డిపోలో మెకానిక్ పని. ఇంట్లో మేమిద్దరం, అత్తమ్మ, ఒక బర్రె. ముందు అరుగు, వెనక వరసగా మూడు గదులున్న పెంకుటిల్లు మాది. నడిమి గదిలో వడ్లు పోసుకునే గుమ్మి ఉండేది, వెదురుతో అల్లి పేడతో అలికినది, నిలబడిన మనిషి అవతల కనిపించనంత ఎత్తు. ఆ గుమ్మికీ గోడకూ మధ్య ఒక మనిషి కాళ్లు ముడుచుకొని కూర్చునేంత చోటుండేది. పైకప్పు పెంకుల మధ్య వెలుతురు కోసం బిగించిన గాజు పలక సరిగ్గా దాని మీదే ఉండేది. కొత్త కాపురంలో ఎవరెవరికి ఏమేం నచ్చుతాయో కానీ, నాకు మాత్రం ఆ ఇంట్లో మొదట నచ్చింది ఆ మూల.

పుస్తకాలు మా ఆయన తెచ్చేవారు. బస్టాండు అవతల చిన్న గ్రంథాలయం ఉండేది. కోడలుపిల్ల అక్కడికి వెళ్లి మగవాళ్ల మధ్య బల్ల ముందు కూర్చునే రోజులు కావు కనుక సభ్యత్వం ఆయన పేరు మీదే ఉండేది. పాపం ఆయనకు చదివే అలవాటు బొత్తిగా లేదు. లారీ టైరు చూసినట్టు పుస్తకం లావు చూసి ఎంచేవారు, పలచనిది తెస్తే నేను తొందరగా అవగొట్టి మళ్లీ తరుముతానని ఆయన భయం. అందువల్ల ఒకసారి నవల వచ్చేది, ఒకసారి వేదాంతం వచ్చేది, ఒకసారి కోళ్ల పెంపకం వచ్చింది. నేను అదీ వదల్లేదు. కోళ్లకు వచ్చే జబ్బుల గురించి అందులో ఎంత వివరంగా రాశారంటే, ఆ తర్వాత చాలా కాలం వీధిలో ఏ కోడి తలవాల్చినా నా గుండె దడదడలాడేది.

పెళ్లయిన కొత్తలో చదువుకు లోటు లేకపోయింది. పిల్లలు పుట్టాకే అసలు కథ మొదలైంది. పెద్దమ్మాయి పుట్టాక ఒక చేత్తో పాలిస్తూ ఒక చేత్తో పుస్తకం పట్టుకోవడం నేర్చుకున్నాను, పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు గడ్డంతో తిప్పేదాన్ని. అబ్బాయి పుట్టాక అదీ కుదరలేదు. వాడు కాగితం చప్పుడు వింటే చాలు పాలు వదిలేసి పుస్తకం మీద పడేవాడు. అందుకని వాణ్ని తొట్టెలలో వేసి, దూలానికి కట్టిన ఆ పాతచీర ఊయల తాడును నా కాలి బొటనవేలికి కట్టుకొని, గుమ్మి వెనక నా మూలలో కూర్చొని కాలు ఊపుతూ చదివేదాన్ని. అంతా బాగానే ఉండేది కానీ, కథ మంచి పట్టుకు వచ్చేసరికి తెలియకుండానే నా కాలు ఆగిపోయేది, కాలు ఆగగానే వాడు లేచి కేర్‌మనేవాడు. ఆ రోజుల్లో నేను చదివిన ప్రతి కథలోనూ ముఖ్యమైన ఘట్టం దగ్గర మా అబ్బాయి ఏడుపు ఉంటుంది. ఎక్కడైనా చిక్కిన క్షణాన్ని వదిలేదాన్ని కాను. దవాఖానలో పోలియో చుక్కల మందు వరసలో నిలబడి చదివాను, బర్రె దగ్గర గడ్డి మోపు మీద కూర్చొని చదివాను, పప్పు పొయ్యి మీద పెట్టి చదివి ఆ పప్పును మాడ్చాను. పప్పు మాడిన రోజున మా ఆయన ఏమీ అనకుండా తినేవారు, అంత లావు పుస్తకం తెచ్చింది తానే కదా అని కాబోలు.

అత్తమ్మ పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. ఆమెకు అక్షరం రాదు. నేను చదవడం ఆమెకు ఇష్టం లేదని చెప్పలేను, అదేమిటో అర్థం కాలేదంటే సరిపోతుంది. ఆమె లెక్కలో పట్టపగలు కదలకుండా కూర్చునేది జబ్బు మనిషి ఒక్కతే. "ఒంట్లె బాగుంది గద బిడ్డా, ఉత్తగ ఎందుకు కూసున్నవ్?" అని నిజమైన ఆదుర్దాతో అడిగేది. నేను ఉత్తగా కూర్చోలేదు అత్తమ్మా అని ఎలా చెప్పడం? అందుకే ఆమె అడుగుల చప్పుడు వినగానే పుస్తకం కొంగు కిందికి పోయేది, చేతిలోకి చేట వచ్చేది.

ఇలా ఉండగా ఒకసారి మా ఆయన అట్ట ఊడిపోయిన నవల ఒకటి తెచ్చారు. అట్ట లేకపోవడం వల్ల దాని పేరూ తెలియలేదు, రాసినవారి పేరూ తెలియలేదు. అందులో ఒక తల్లి కరువు కాలంలో పసిబిడ్డను పిల్లల్లేని దంపతులకు ఇచ్చేస్తుంది. కొన్నేళ్ల తర్వాత ఆ ఇంట్లోనే వంటమనిషిగా చేరుతుంది. బిడ్డ ఆమెను వంటామె అనే పిలుస్తుంది. ఒక రోజు ఆ పిల్లకు జ్వరం వస్తే, ఇంటావిడ పక్కన కూర్చొని ఉండగా ఈమె గుమ్మం బయట నేల మీద కూర్చొని లోపలి మూలుగు వింటుంది. అంతే, ఆ ఘట్టంలో అంతకంటే ఏమీ జరగదు. నాకేమో ఒకరు ఒళ్లో, ఒకరు ఊయలలో. గుమ్మి వెనక గోడ వైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకొని, వెక్కి వెక్కి ఏడ్చాను.

సరిగ్గా అప్పుడే పక్కింటి పెద్దమ్మ పెరుగు తోడు కోసం వచ్చింది. వచ్చి, నడిమి గదిలోకి అడుగుపెట్టి, గుమ్మి పక్క నుంచి తొంగి చూసి, నన్ను ఆ స్థితిలో చూసి, పలకరించకుండా గిన్నెతో సహా వెనక్కి వెళ్లిపోయింది. పుస్తకం ఆమెకు కనబడలేదు, అది అలవాటుగా కొంగు కింద ఉంది. కోడలు గుమ్మి చాటున నోరు నొక్కుకొని ఏడుస్తుందంటే మా వైపు దానికి ఒకే అర్థం. పెద్దమ్మ మంచి మనిషి, నా మీది జాలితోనే ఇంకొకరికి చెప్పింది, వాళ్లూ జాలితోనే మరొకరికి చెప్పారు. అంగడి రోజున మా పల్లె నుంచి వచ్చినవాళ్ల చెవిన ఆ మాట పడి, సాయంత్రపు బస్సులో మా బాపు దగ్గరికి చేరింది.

అంగడి మర్నాడు బాపు, మా అన్న, ఊరి పెద్దమనిషి ఒకాయన మా ఇంటి ముందు దిగారు. మొహాలు చూడగానే నాకు భయమేసింది, ఎవరికేమైందోనని. అత్తమ్మ ఎప్పటిలా సంబరంగా చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎవరూ అందుకోలేదు. ఆడపిల్లకు కష్టమొచ్చిందని తల్లిగారి వాళ్లు వచ్చినప్పుడు, మాట తేలేదాకా ఆ ఇంట్లో నీళ్లు ముట్టరు. ఆ కట్టడి అత్తమ్మకు తెలుసు. చెంబు పట్టుకొని అలాగే నిలబడిపోయింది. ఆమె మొహంలో నెత్తురు లేదు. ఎవరో డిపోకు కబురు చేస్తే మా ఆయన చేతుల గ్రీజు తుడుచుకోకుండానే పరుగెత్తుకొచ్చారు.

"నిజం చెప్పు బిడ్డా, భయపడకు, నేనున్న. ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు బాపు.

"పుస్తకం చదివి ఏడ్చిన బాపూ" అన్నాను.

నమ్మితే ఒట్టు. పెద్దమనిషి తల పంకించి, అత్త ముందర పిల్ల నోరు విప్పదు, పక్కకు పిలిచి అడగాలన్నాడు. పక్కకు పిలిచారు. అక్కడా అదే చెప్పాను. నేను నిజం చెప్పినకొద్దీ అత్తగారిని కాపాడడానికి ఎంత పెద్ద అబద్ధమాడుతోందో చూడమని వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి గుమ్మి వెనక నుంచి ఆ అట్టలేని పుస్తకం తెచ్చి బాపు చేతుల్లో పెట్టాను. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి అన్నకిచ్చాడు. మా అన్న పదో తరగతి తప్పి సేద్యంలో దిగినవాడు. నేను చూపించిన చోటి నుంచి బడిలో పాఠం అప్పగించినట్టు, ఒక్కో మాటా విరిచి విరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మొదట్లో అన్న చదివే తీరుకు నాకు ఆ కష్టంలోనూ నవ్వొచ్చింది. జ్వరం దగ్గరికి వచ్చేసరికి అన్న గొంతు తగ్గింది. గుమ్మం బయట తల్లి కూర్చున్న చోట ఆగిపోయి, గొంతు సవరించుకొని, మళ్లీ ఆగిపోయాడు. పెద్దమనిషి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. బాపు దూలాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"ఆగినవేంది కొడుకా, తర్వాత?" అంది అత్తమ్మ, చెంబు పట్టుకొని నిలబడే.

"ఏదీ చెల్లె, గా నీళ్లియ్యి" అన్నాడు బాపు.

ఆ పూట కోడిని కోశారు, అందరూ నవ్వుతూనే తిన్నారు. కానీ బస్సెక్కేముందు బాపు నన్ను పక్కకు పిలిచాడు. "ఇగ పుస్తకం ముట్టకు బిడ్డా. నీ ఏడుపుకు మీ అత్త ఇజ్జత్ బజార్ల పడ్డది" అన్నాడు. వాళ్లు నవ్వుతూ వెళ్లిపోయారు గానీ, కోడలిని ఏడిపిస్తే తల్లిగారు పెద్దమనిషిని తోడు తెచ్చుకొని వచ్చారన్న మాట మాత్రం వీధిలో మిగిలిపోయింది. నీళ్ల దగ్గరికి పోతే ఆడవాళ్లు మాటలాపి అత్తమ్మను చూసేవారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అని ఉంటే బాగుండేదనిపించేది. మర్నాడే ఆ పుస్తకం సగంలో వాపసు పంపేశాను, ఇక తేవద్దని మా ఆయనతో చెప్పాను. మీరు నవ్వుకుంటారేమో గానీ, ఆ రోజుల్లో నాకు ఇల్లు చాలా ఇరుకైపోయింది. పిల్లలంటే ప్రాణమే, కాదనను, కానీ తెల్లారింది మొదలు ఎవరికో ఒకరికి అమ్మనో, కోడలినో, పెళ్లాన్నో అయి ఉండడమే తప్ప నేను నేనుగా ఉండే ఒక్క గంట నాకిక లేదని తెలిసి గుండె బరువెక్కేది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక గుమ్మి వైపు చూడకుండా బట్టలు మడత పెట్టేదాన్ని.

కొన్నాళ్లకు, ఇద్దరం బియ్యంలో రాళ్లు ఏరుతుండగా, తలెత్తకుండానే అత్తమ్మ అడిగింది. "ఇంతకు గా వంటామె, నేనే నీ అవ్వనని పిల్లకు చెప్పిందా?"

తెలియదన్నాను, అంతదాకా చదవలేదన్నాను. ఆమె మళ్లీ రాళ్లు ఏరసాగింది. మర్నాడు పొద్దున మా ఆయన టిఫిను డబ్బా సైకిలుకు తగిలించుకుంటుంటే మాత్రం అరుగు మీద నుంచి ఆమె గొంతు గట్టిగానే వినిపించింది. "గా అట్టలేని పుస్తకం మల్ల తేరా" అంది.

ఆయన పుస్తకం తెచ్చిన మర్నాటి మధ్యాహ్నం పిల్లల భోజనాలు కాగానే అత్తమ్మ ఇద్దరినీ అరుగు మీదికి తీసుకుపోయింది. అబ్బాయిని కాళ్ల మీద వేసుకొని, పెద్దమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని, నా వైపు తిరిగి, "తలనొస్తుందంటివి గద, జర ఒరుగు పో" అని తలుపు దగ్గరగా వేసింది. నాకు తలనొప్పీ లేదు, వచ్చిందని నేను అననూ లేదు. కాసేపటికి పక్కింటి పెద్దమ్మ వచ్చి కోడలేదని అడగడం, తలనొప్పితో ఒరిగిందని అత్తమ్మ చెప్పడం గుమ్మి వెనక నాకు స్పష్టంగా వినిపించాయి. చదువుకుంటోందని చెబితే అంతా మళ్లీ మొదటికొస్తుంది. తలనొప్పికి మాత్రం ఏ వీధీ పేరు పెట్టదు. ఆ వేళ నేను కాలు ఊపాల్సిన పని లేకుండా, చెవి వాకిట్లో పడేయాల్సిన పని లేకుండా, పెళ్లికి ముందు చదివినట్టు చదివాను. సాయంత్రం బర్రె పాలు పితుకుతున్న అత్తమ్మ పక్కన కూర్చొని మిగతా కథంతా చెప్పాను. ఆ తల్లి చివరిదాకా చెప్పలేదన్నాను. అత్తమ్మ పితకడం ఆపింది. "ఎట్ల చెప్తది? చెప్తే పిల్ల ఆగమైతది" అని మళ్లీ పితకసాగింది.

అప్పటి నుంచి నాకు రోజూ తలనొప్పే. దాని వల్ల వచ్చిన చిక్కులు అన్నీ ఇన్నీ కావు. పెద్దమ్మ రోజూ శొంఠి అరగదీసి గంధం పంపేది. ఆమె మనసు కష్టపెట్టలేక నొసటికి పట్టించుకునేదాన్ని. వెనక వీధిలో ఒకావిడ దిష్టి తగిలిందని తాయెత్తు తెచ్చి మెడలో కట్టింది. నొసటన శొంఠి, మెడలో తాయెత్తు, ఒళ్లో నవల. ఆ అవతారంలో నేను చదివినన్ని పుస్తకాలు మరెప్పుడూ చదవలేదు. చిత్రం ఏమిటంటే, తలుపు అవతల పిల్లలు పేచీ పెట్టకుండా అత్తమ్మ వాళ్లకు కథలు చెప్పేది, ఆ గొంతు సంగతి తెలిసిందేగా. కొన్ని రోజులు నా పుస్తకం మూసేసి ఆమె కథే వినేదాన్ని. ఆమె కథల్లో నక్కలూ రాకాసులూ ఉండేవారు, అప్పుడప్పుడు ఒక వంటామె కూడా వచ్చేది.

ఏళ్లు గడిచాయి. పెద్దవాళ్లిద్దరూ బడిలో పడ్డారు, ఎడంగా మూడోది పుట్టింది. అదే ఏడు అత్తమ్మ పెరట్లో జారిపడి తుంటి విరిగింది. కట్టు కట్టారు, అతికింది, కానీ మళ్లీ సరిగ్గా నడవలేదు. ముందు గదిలో మంచం వేశాం. అరుగు మీద కాపలా కూర్చునే మనిషే మంచం పట్టింది, నేనేమో పసిదానికీ ఆమెకూ చేస్తూ ఉన్నాను, ఇక నా గంట తీరిపోయిందనుకున్నాను. కానీ అలా జరగలేదు. అత్తమ్మకు మధ్యాహ్నం పూట నిద్ర అలవాటైంది. అన్నం తిన్నాక పసిదాన్ని తన పక్కలో వేయమనేది, దాని మీద ఒక చెయ్యి వేసి కాసేపట్లోనే గురక పెట్టేది. ఆ గురక తాళానికి పసిది కూడా కళ్లు మూసేది. నేను మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చొని, ముసలితనం తెచ్చిన నిద్ర కూడా నాకు కలిసొచ్చింది కదా అనుకుంటూ చదువుకునేదాన్ని. ఆ నిద్ర రెండు మూడేళ్లు అలాగే సాగింది.

ఒకసారి బాపుకు బాగాలేకపోతే పిల్లలను తీసుకొని మా పల్లెకు వెళ్లాల్సి వచ్చింది. అత్తమ్మను చూసుకోవడానికి మహేశ్వరం నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. నేను తిరిగి వచ్చిన రోజున ఆమె మూట సర్దుకుంటూ వాళ్లమ్మ మీద ఫిర్యాదు చేసింది. "ఎట్ల వేగుతున్నవ్ వదినా? పగటీలి ఒక్క గడియ కన్ను మూయదు. పండుకో అవ్వా అంటె, పగలు పండుకునుడు నాకు పుట్టినకాడి నుంచి రాదంటది" అంది.

లేదే, రోజూ నిద్రపోతుందే, గురక కూడా పెడుతుందే అని నేను అనబోయి అత్తమ్మ వైపు చూశాను. ఆమె గోడ వైపు తిరిగింది.

ఆడబిడ్డ వెళ్లిపోయింది. మధ్యాహ్నమైంది. భోజనం పెట్టాను. పసిదాన్ని తన పక్కలో వేయమంది, వేశాను. దాని మీద చెయ్యి వేసింది, కళ్లు మూసుకుంది, కాసేపటికి గురక మొదలైంది. ఇన్నేళ్లూ నేనెందుకు గమనించలేదో గానీ, ఆ గురక ఎప్పుడూ ఒకే తీరుగా ఉండేది, నిద్రపోయే మనిషి గురకలా పెరగడం తరగడం ఉండేది కాదు. నేను మంచం కాళ్ల దగ్గర కూర్చొని పుస్తకం తెరిచాను. ఒక్క అక్షరం కనిపించలేదు, కళ్ల నిండా నీళ్లే. ఏడిస్తే ఆమెకు వినిపిస్తుంది, లేస్తే నా గంట పాడైందని ఆమె బాధపడుతుంది. అందుకని చదువుతున్నట్టే కాసేపటికోసారి పేజీ తిప్పుతూ కూర్చున్నాను, ఆమెకు ఆ చప్పుడు వినిపించాలని. నాకు తెలిసిపోయిందని ఆమెతో చెప్పలేదు. ఆమె బతికున్నన్నాళ్లూ చెప్పలేదు.

ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో మా ఇల్లు డాబా. వడ్లు పోసుకునే పనీ లేదు, గుమ్మీ లేదు. పిల్లలు ఎవరి ఇళ్లకు వారు వెళ్లారు. ఆయన పోయాక నా పొద్దులన్నీ నావే అయ్యాయి. గ్రంథాలయానికి నేనే నడిచి వెళ్లి, లావు చూడకుండా నాకు నచ్చింది తెచ్చుకుంటాను. ఫోనులో కూడా పుస్తకాలున్నాయని, అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చని మా అబ్బాయి చూపించాడు. ఈ కాలపు పిల్లలకు చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, చదివి ఏడిస్తే బస్సెక్కి వచ్చే పెద్దమనుషులూ లేరు, అంతవరకు మంచిదే. అయినా మధ్యాహ్నం భోజనం చేసి పుస్తకం తెరిచినప్పుడు, ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపిస్తుంది. పేజీ తిప్పుతాను, ఆ చప్పుడు గదిలో కాసేపు నిలుస్తుంది. అది విని, నేను చదువుకుంటున్నానని తృప్తిపడి, ఇంకాస్త గట్టిగా గురక పెట్టే మనిషి లేదు.